తుంటి నొప్పి – కోత లేకుండా ఏమి చేయవచ్చు?



మా ఓ.పి. విభాగానికి వచ్చేవారిలో చాలామంది "తుంటి పోటు సిస్టరమ్మా" అంటూ వస్తారు. కొందరు పిరుదు మీద చెయ్యి వేసుకుని, కొందరు గజ్జ పట్టుకుని, కొందరు తొడ పక్క ఎముకను నొక్కుకుంటూ కుంటుతూ వస్తారు. నొప్పి చోటు వేరైనా అందరూ చెప్పే మాట తుంటి నొప్పి. దాని వెంటనే ఇంకో మాట కూడా చెబుతారు: "ఆపరేషన్ మాత్రం వద్దని డాక్టరుగారికి చెప్పండమ్మా."

ఈ భయం మాకు తెలుసు. అయితే ఈ భయం వల్ల రెండు రకాల నష్టం జరుగుతోంది. కొందరు "కదిలితే అరిగిపోతుంది" అనుకుని నెలల తరబడి మంచం పట్టి, ఉన్న బలం కూడా పోగొట్టుకుంటున్నారు. మరికొందరు ఎవరో ఇచ్చిన పేరులేని మాత్రలు మింగి, ఆపరేషన్ అవసరం లేని తుంటిని ఆపరేషన్ దాకా తెచ్చుకుంటున్నారు. అందుకే ఈ రోజు మీకు ఒక్క విషయం చెప్పాలని అనుకుంటున్నాను. కోత లేకుండా అంటే చికిత్స లేకుండా అని కాదు. కోత లేని చికిత్సలో సగానికి పైగా మీ చేతుల్లోనే ఉంది. దానికి ఓపిక కావాలి, క్రమం కావాలి, ముందుగా నొప్పి ఎక్కడిదో తెలియాలి.

నొప్పి ఎక్కడ? ఒక్క వేలితో చూపించండి

డాక్టరుగారి దగ్గరకు వెళ్లినప్పుడు "ఇక్కడంతా నొప్పి" అని అరచేత్తో చూపించకండి. ఎక్కువ నొప్పి ఉన్న చోటును ఒక్క వేలితో చూపించండి. ఆ వేలు చాలా సంగతులు చెబుతుంది.

వేలు గజ్జ మీదికి, అంటే తొడ పొట్టను కలిసే మడత మీదికి వెళితే, అసలు తుంటి కీలులోనే ఇబ్బంది ఉండవచ్చు. తుంటి కీలు గిన్నెలో బంతి లాంటిది. తొడ ఎముక తల బంతి, కటి ఎముకలోని గుంట గిన్నె. ఈ కీలు అరిగినప్పుడు నొప్పి గజ్జలోను, తొడ ముందు భాగంలోను తెలుస్తుంది. ఒక్కోసారి మోకాలిలో మాత్రమే తెలుస్తుంది. మోకాలికి ఎక్స్‌రే తీస్తే అంతా బాగానే ఉంటుంది, జబ్బు పైన తుంటిలో ఉంటుంది. చెప్పులు తొడుక్కోవడం, కాలిగోళ్లు తీసుకోవడం, బాసింపట్టు వేసుకుని కూర్చోవడం కష్టమైతే ఈ కీలును అనుమానించాలి.

వేలు తొడకు బయటి పక్కన, చేతికి గట్టిగా తగిలే ఎముక మీదికి వెళితే, అక్కడ అతుక్కునే పిరుదు కండరాల నరాలు, అంటే స్నాయువులు, దెబ్బతిని ఉండవచ్చు. ఆ పక్కకు తిరిగి పడుకోలేరు. మెట్లెక్కితే నొప్పి. 40 ఏళ్లు దాటిన స్త్రీలలో ఇది ఎక్కువ. కీలు అరగలేదు కాబట్టి చాలామందికి ఆపరేషన్ ప్రసక్తే రాదు.

వేలు వెనకకు వెళ్లి, నడుము కింద పిరుదు మొదట్లో, చర్మం మీద చిన్న గుంట కనిపించే చోట ఆగితే, అది శాక్రోఇలియాక్ కీలు నొప్పి కావచ్చు. వెన్నెముక అడుగున ముక్కోణపు ఎముక ఒకటి ఉంటుంది, దానిని త్రికాస్థి అంటారు. అది రెండు పక్కలా కటి ఎముకలతో కలిసే చోట ఈ కీళ్లు ఉంటాయి. ఒళ్లు బరువంతా కాళ్లకు దిగేది ఈ రెండు కీళ్ల మీదుగానే. వీటిలో కదలిక బహు స్వల్పం. అయినా నొప్పి పెడితే మనిషిని నిలువనివ్వవు. చాలాకాలంగా నడుము నొప్పితో బాధపడే ప్రతి 100 మందిలో 15 నుంచి 30 మందికి మూలం ఈ కీలే అని అంచనా. కూర్చుని లేచేటప్పుడు, మంచం మీద పక్కకు తిరిగేటప్పుడు, ఒంటికాలి మీద నిలబడి చీర కుచ్చిళ్లు సర్దుకునేటప్పుడు చురుక్కుమంటుంది.

నొప్పి పిరుదు నుంచి మోకాలు దాటి పాదం దాకా తీగ లాగినట్లు దిగి, తిమ్మిరి కూడా ఉంటే, అది నడుములో నరం నొక్కుకోవడం కావచ్చు. దానికి చికిత్స వేరు. అందుకే డాక్టరుగారు మిమ్మల్ని పడుకోబెట్టి కాలు మడిచి, తిప్పి, నొక్కి చూస్తారు. ఆ పరీక్ష లేకుండా కేవలం ఎక్స్‌రే చూసి మందు రాయించుకోవడం మంచిది కాదు.

ఈ గుర్తులు ఉంటే ఇంటి వైద్యం వద్దు

వ్యాయామాలు చెప్పేముందు ఇది చెప్పాలి. కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆగకుండా ఆసుపత్రికి రండి.

పెద్ద వయసువారు జారిపడి కాలు మోపలేకపోతే, కాలు పొట్టిగా అయి పాదం బయటికి తిరిగి ఉంటే, తుంటి ఎముక విరిగి ఉండవచ్చు. రుద్దకండి, లాగకండి, నాటు కట్టు కట్టించకండి. దీనికి ఆపరేషన్ ఎంత త్వరగా జరిగితే అంత మేలు. ఒకటి రెండు రోజుల్లో చేయించాలి. ఆలస్యం చేసి మంచాన పడుకోబెడితే న్యుమోనియా, పడక పుండ్లు, కాళ్లలో రక్తం గడ్డలు వస్తాయి.

తుంటి నొప్పితో పాటు చలిజ్వరం ఉండి, కాలు కదపనివ్వకపోతే కీలులో చీము పట్టి ఉండవచ్చు. చిన్నపిల్లలు హఠాత్తుగా కుంటితే "ఆటల్లో బెణికింది" అని వదిలేయకండి.

వారాల తరబడి సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, ఆకలి లేకపోవడం, కుంటడం ఉంటే తుంటి కీలులో గాని వెన్నులో గాని క్షయ ఉండవచ్చు. క్షయ అంటే ఊపిరితిత్తులకే కాదు, ఎముకలకూ వస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం. త్వరగా పట్టుకుంటే కీలు నిలుస్తుంది.

మూత్రం బిగబట్టినట్లు రాకపోవడం, తెలియకుండా మలమూత్రాలు పోవడం, కూర్చునే చోట స్పర్శ తెలియకపోవడం, కాళ్లు బలం తప్పడం ఉంటే అది నరాల అత్యవసర పరిస్థితి. ఆ రోజే రావాలి.

ఇదివరకు కేన్సరు ఉన్నవారికి కొత్తగా ఎముక నొప్పి వస్తే, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే, అది కూడా ఆలస్యం చేయదగినది కాదు.

మంచం మందు కాదు

నొప్పి భగ్గుమన్నప్పుడు ఒకటి రెండు రోజులు పని తగ్గించుకోండి. అంతకుమించి పడుకోకండి. తుంటిని పట్టి నిలిపేవి పిరుదు కండరాలు. మంచం మీద ఉంటే అవి కరిగిపోతాయి. కండరం బలం తగ్గితే కీలు మీద భారం పెరుగుతుంది, భారం పెరిగితే నొప్పి పెరుగుతుంది, నొప్పి పెరిగితే మళ్లీ మంచం. ఈ గానుగ నుంచి బయటపడాలంటే మెల్లగానైనా కదలాలి.

కానీ నొప్పిని రేపే అలవాట్లు కొన్ని మార్చుకోవాలి. మన ఇళ్లలో, పనుల్లో ఉన్నవే చెబుతాను.

నేల మీద బాసింపట్టు, గొంతుక కూర్చోవడం తగ్గించండి. ప్రార్థనలోనైనా, భోజనంలోనైనా, బీడీలు చుట్టేటప్పుడైనా కుర్చీ గాని ఎత్తు పీట గాని వేసుకోండి. కుర్చీలో మోకాళ్లు తుంటి కన్నా ఎత్తుగా ఉండకూడదు. మరుగుదొడ్డిలో గొంతుక కూర్చోలేనివారు మధ్యలో రంధ్రం ఉన్న కమోడు కుర్చీ వాడవచ్చు. వడ్రంగి చేతనైనా చేయించుకోవచ్చు.

బిడ్డను ఎప్పుడూ ఒకే పక్క చంకనెత్తుకోవడం, నీళ్ల బిందెను ఒకే తుంటి మీద పెట్టుకోవడం మానండి. బరువును రెండు చేతులకు పంచి ఒంటికి దగ్గరగా పట్టుకోండి. వరి నాట్లలో, కలుపులో గంటల తరబడి వంగేవారు అరగంటకోసారి నిటారుగా నిలబడి నాలుగడుగులు వేయండి. మగ్గం గుంటలో కూర్చునేవారు కూడా మధ్యమధ్య లేవండి.

నిలబడినప్పుడు బరువంతా ఒక కాలి మీద వేసి తుంటి పక్కకు వాల్చకండి. కాలు మీద కాలు వేసుకుని కూర్చోకండి. పడుకునేటప్పుడు నొప్పి లేని పక్కకు తిరిగి, రెండు మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి. స్కూటరు వెనక ఒక పక్కకు కాళ్లు వేసి కూర్చుంటే నడుము మెలిపడుతుంది. శాక్రోఇలియాక్ కీలు నొప్పి ఉన్నవారు వీలైనంత వరకు అలా దూరప్రయాణం చేయకండి.

వ్యాయామమే మొదటి మందు

ఇది నా మాట కాదు. బ్రిటన్‌లో 2022లో వెలువడిన జాతీయ వైద్య మార్గదర్శకాలు కీళ్ల అరుగుదల ఉన్న ప్రతివారికీ మొదటి చికిత్సగా వ్యాయామం, బరువు ఎక్కువ ఉన్నవారికి బరువు తగ్గడం చెప్పాయి. తుంటి పక్క స్నాయువుల నొప్పి గురించి ఆస్ట్రేలియాలో 204 మంది మీద చేసిన పరిశీలన 2018లో వెలువడింది. కొందరికి వ్యాయామం, అలవాట్ల మార్పు నేర్పారు. కొందరికి ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. కొందరిని సలహా చెప్పి వేచి ఉండమన్నారు. 8 వారాల తరువాత "బాగా మెరుగయింది" అన్నవారు వ్యాయామం చేసిన 100 మందిలో 77 మంది, ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 58 మంది, వేచి ఉన్నవారిలో 29 మంది. సూది కన్నా సాధన మేలని దీనివల్ల తెలుస్తుంది.

వీలైతే ఒకసారి ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని ఇంట్లో చేసుకోండి. సామాన్యంగా నేర్పేవి ఇవి.

1. వెల్లకిలా పడుకుని రెండు మోకాళ్లు మడిచి పాదాలు ఆనించండి. పిరుదులు బిగించి మెల్లగా పైకెత్తండి. 5 లెక్కపెట్టేవరకు ఉంచి దించండి. 10 సార్లు.

2. అలాగే పడుకుని, శ్వాస బిగబట్టకుండా, బొడ్డు కింది పొట్టను మెల్లగా లోపలికి లాగి 10 లెక్కపెట్టండి. 10 సార్లు. శాక్రోఇలియాక్ కీలుకు ఈ పొట్ట కండరాలు లోపలి నడికట్టు లాంటివి.

3. నొప్పి లేని పక్కకు తిరిగి పడుకుని, మోకాళ్లు మడిచి, మధ్యలో దిండు ఉంచండి. మడమలు కలిపే ఉంచి పై మోకాలిని కొద్దిగా ఎత్తి దించండి. నడుము వెనక్కి పడకూడదు. 10 సార్లు.

4. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని, చేతులు ఊతం లేకుండా లేచి మెల్లగా కూర్చోండి. కష్టమైతే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకోండి. 8 నుంచి 10 సార్లు.

5. గోడ పట్టుకుని నిటారుగా నిలబడి, ఒక కాలిని పక్కకు కొద్దిగా ఎత్తి దించండి. తరువాత వెనక్కి ఎత్తి దించండి. రెండు కాళ్లతోనూ 10 సార్లు.

వీటితో పాటు చదును నేల మీద నడక. మొదట 5 నిమిషాలు, అలవాటయ్యాక 10, తరువాత 20. సైకిలు తొక్కగలిగినవారు తొక్కవచ్చు.

"నొప్పి వస్తే ఆపేయమంటారా?" అని అందరూ అడుగుతారు. నొప్పికి పదికి మార్కులు వేసుకోండి. వ్యాయామంలో నాలుగు దాటకుండా ఉండి, మర్నాడు ఉదయానికి మామూలు స్థితికి వస్తే ఫరవాలేదు. అంతకు మించితే వ్యాయామం మానకండి, లెక్క తగ్గించండి. ఒక వారంలో గుణం కనిపించలేదని వదిలేయకండి. కండరం బలపడడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. క్యాలెండరులో ప్రతిరోజూ ఒక గుర్తు పెట్టుకోండి. వారంలో ఐదు గుర్తులు ఉంటే మీరు మంచి రోగి.

బరువు, కర్ర, బెల్టు, కాపడం

నడిచేటప్పుడు తుంటి కీలు మీద పడే భారం ఒంటి బరువుకు సుమారు రెండున్నర రెట్లు. అంటే 5 కిలోలు తగ్గితే ప్రతి అడుగుకూ 12 కిలోలకు పైగా భారం దిగినట్లే. కడుపు మాడ్చుకోనక్కరలేదు. పళ్లెంలో అన్నం సగానికి తగ్గించి కూర, పప్పు, ఆకుకూరలు పెంచండి. టీలో చక్కెర, సాయంత్రం బజ్జీలు తగ్గించండి.

చేతికర్ర పట్టుకోవడం నామోషీ కాదు. చాలామంది నొప్పి ఉన్న పక్కనే కర్ర పట్టుకుంటారు, అది సరికాదు. కుడి తుంటి నొప్పి అయితే ఎడమ చేత్తో పట్టుకోండి. నొప్పి కాలు ముందుకు వేసినప్పుడే కర్ర కూడా ముందుకు వేయండి. చెప్పులు వేసుకుని చేతులు వేలాడేసి నిలబడితే, కర్ర పిడి మణికట్టు మడత దగ్గరకు రావాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు, కర్ర ముందు.

శాక్రోఇలియాక్ కీలు నొప్పికి కటి బెల్టు కొందరికి పనిచేస్తుంది. అది నడుముకు కట్టే వెడల్పాటి బెల్టు కాదు. ఇంకా కిందుగా, తుంటి ఎముకల చుట్టూ కట్టే సన్నని బెల్టు. నడిచేటప్పుడు, పనిచేసేటప్పుడు మాత్రమే పెట్టుకుని, పడుకునేటప్పుడు తీసేయాలి. కట్టగానే నొప్పి తగ్గకపోతే బలవంతంగా వాడనక్కరలేదు.

వేడినీళ్ల సంచితో 15 నిమిషాల కాపడం కండరాల బిగుతును తగ్గిస్తుంది. మధ్యలో గుడ్డ ఉంచండి. షుగరు వల్ల స్పర్శ తగ్గినవారు వేడిని ముందుగా వేరొకరి చేత చూపించుకోండి. కాలిన సంగతి తెలియక పుండ్లు పడినవారిని చూస్తుంటాము. వాతలు పెట్టించుకోవడం ఎంతమాత్రం వద్దు. అది నొప్పిని తగ్గించదు, చర్మాన్ని పుండు చేస్తుంది.

మందుల మాట

నొప్పి మాత్ర వ్యాయామానికి తోడు, వ్యాయామానికి బదులు కాదు. నొప్పి తగ్గి కదలగలగడానికి కొద్దిరోజులు వాడతారు.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటివి వాపును తగ్గిస్తాయి. అవే కడుపులో పుండ్లు చేయగలవు, రక్తపోటు పెంచగలవు, మూత్రపిండాలను, గుండెను ఇబ్బంది పెట్టగలవు. అన్నం తిన్నాక, తక్కువ మోతాదులో, తక్కువ రోజులు, డాక్టరుగారు చెప్పినట్లే వాడాలి. అరవై దాటినవారు, బి.పి., షుగరు, గుండె జబ్బు, ఆస్తమా, అల్సరు ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు ఆ విషయం ముందే చెప్పాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల జబ్బు ఎక్కువని మీకు తెలిసిందే. అక్కడివారు, ఎక్కడైనా మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మందులషాపులో అడిగి ఈ మాత్రలు కొనుక్కోకూడదు. మలం నల్లగా తారులా వస్తే మాత్ర ఆపి వెంటనే రండి.

పారాసిటమాల్ కొంత సురక్షితమే గాని అరిగిన కీలుకు దాని గుణం స్వల్పం. మోతాదు మించితే లివరు దెబ్బతింటుంది. మద్యం తాగేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. పైపూత జెల్లు మోకాలికి పనికివచ్చినంతగా తుంటికి పనికిరాదు, కీలు చాలా లోతున ఉంటుంది కాబట్టి. గ్లూకోసమైన్ మాత్రలు ఖరీదు ఎక్కువ. నేను చెప్పిన 2022 మార్గదర్శకాలు వాటిని వాడమని చెప్పడం లేదు. ఆ డబ్బుతో కోడిగుడ్లు, పాలు కొనుక్కుంటే ఒంటికి మేలు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. "ఒక్క పొట్లంతో నొప్పి మాయం" అని చెప్పి ఇచ్చే పేరులేని పొడులు, రంగు మాత్రలు, వారం వారం వేసే సూదులు – వీటిలో చాలాసార్లు స్టెరాయిడ్లు కలిసి ఉంటాయి. మొదటి రోజే నొప్పి పోతుంది, అందుకే నమ్మకం కుదురుతుంది. నెలలు గడిచేసరికి ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముకలు పలచబడతాయి. కొందరికి తొడ ఎముక తలకు రక్తం అందక అది లోపలే చచ్చిపోయి కుంగిపోతుంది. నడుము నొప్పికని మాత్రలు మొదలుపెట్టి, చివరకు తుంటి మార్పిడికి చేరినవారిని నర్సులందరమూ చూస్తాము. వారిలో ముప్పై ఏళ్ల కుర్రవాళ్లూ ఉంటారు. ఎంత ఆపరేషన్‌కు భయపడి ఆ మాత్రలు మింగారో, సరిగ్గా అదే ఆపరేషన్ చేయించుకోవలసి వస్తుంది.

అతిగా మద్యం తాగేవారికి, సికిల్ సెల్ రక్తహీనత ఉన్నవారికి కూడా ఈ జబ్బు వస్తుంది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ ఉంది, యువతకు గజ్జ నొప్పి వస్తే ఆ రక్తపరీక్ష కూడా చేయించాలి. 2020, 2021 సంవత్సరాల్లో కొవిడ్ చికిత్సలో స్టెరాయిడ్లు ఎక్కువగా వాడవలసి వచ్చినవారిలోనూ కొందరికి తరువాత ఈ జబ్బు బయటపడింది. మొదటి దశలో ఎక్స్‌రేలో కనబడదు, ఎం.ఆర్.ఐ. కావాలి. ఆ దశలో పట్టుకుంటే తుంటిని కాపాడుకునే అవకాశాలు ఎక్కువ.

ఒక హెచ్చరిక: ఇలాంటి మాత్రలు నెలల తరబడి వాడినవారు ఈ మాట విని ఒక్కసారిగా మానకండి. ప్రాణం మీదికి వస్తుంది. మాత్రలు పట్టుకుని రండి. డాక్టరుగారు మెల్లగా తగ్గిస్తారు.

కీలులోకి ఇంజెక్షన్

"ఇందాక స్టెరాయిడ్ వద్దన్నారు, ఇప్పుడు డాక్టరుగారు అదే ఇంజెక్షన్ అంటున్నారేమిటి?" అని మీకు అనిపించవచ్చు. తేడా ఉంది. ఇది కొలిచిన మోతాదు, శుభ్రమైన గదిలో, ఎక్స్‌రే గాని అల్ట్రాసౌండు గాని చూస్తూ సరిగ్గా ఆ చోటే వేసేది. తుంటి కీలులోనైనా, శాక్రోఇలియాక్ కీలులోనైనా కొన్ని వారాల నుంచి కొన్ని నెలల దాకా ఉపశమనం ఇవ్వవచ్చు. ఆ వ్యవధిలో వ్యాయామం చేసి కండరం పెంచుకుంటేనే దానికి ఫలితం. పదే పదే వేయించుకోకూడదు. షుగరు ఉన్నవారికి కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది, తరచుగా పరీక్ష చేయించుకోవాలి.

శాక్రోఇలియాక్ కీలుకు మొదట మత్తుమందు మాత్రమే వేసి చూస్తారు. నొప్పి చాలా వరకు పోతే, మూలం ఆ కీలే అని తెలుస్తుంది. అలాంటివారిలో నొప్పి మళ్లీ మళ్లీ వస్తుంటే, నొప్పి కబురు మోసే సన్నని నరాలను రేడియో తరంగాల వేడితో నిద్రపుచ్చే పద్ధతి పెద్ద ఆసుపత్రుల్లో ఉంది. కోత ఉండదు, సూదితోనే చేస్తారు. నరం మళ్లీ పెరుగుతుంది కాబట్టి అది శాశ్వతం కాదు.

గర్భిణీ స్త్రీలకు

గర్భిణీలలో ప్రతి ఐదుగురిలో ఒకరికి కటి భాగంలో నొప్పి వస్తుంది. కాన్పుకు సిద్ధమయ్యే ఒంట్లో కీళ్ల బంధనాలు సడలుతాయి, పొట్ట బరువు ముందుకు పడుతుంది. "కడుపుతో ఉన్నవాళ్లకు మామూలే" అని అత్తగారు, అమ్మగారు అనవచ్చు. మామూలే గాని భరించవలసిన పని లేదు. మంచం మీద తిరిగేటప్పుడు, ఆటో దిగేటప్పుడు రెండు మోకాళ్లూ దగ్గరగా ఉంచి ఒక్కసారిగా తిరగండి. బట్టలు, చెప్పులు కూర్చునే వేసుకోండి. కటి బెల్టు, పైన చెప్పిన పొట్ట బిగింపు వ్యాయామం ఉపయోగపడతాయి. కానీ వెల్లకిలా ఎక్కువసేపు పడుకోకుండా కూర్చుని గాని పక్కకు తిరిగి గాని చేయండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. ముఖ్యంగా 20 వారాల తరువాత అవి బిడ్డ మూత్రపిండాలకు, ఉమ్మనీటికి హాని చేయవచ్చు. కాన్పు తరువాత కొన్ని నెలల్లో చాలామందికి ఈ నొప్పి తగ్గిపోతుంది. ఉండిపోతే రండి.

పొద్దున్నే బిగుసుకుపోయే యువకులకు

ఇరవై, ముప్పై ఏళ్ల వయసులో మూడు నెలలు దాటిన నడుము, పిరుదు నొప్పి ఉందా? ఒకసారి కుడి పిరుదు, ఒకసారి ఎడమ పిరుదు మారుతుందా? తెల్లవారుజామున నొప్పితో మెలకువ వచ్చి, లేచాక అరగంటకు పైగా నడుము కొయ్యలా ఉండి, పని చేసేకొద్దీ తగ్గుతుందా? కన్ను ఎర్రబడి నొప్పి పెట్టిన సందర్భాలున్నాయా? అయితే ఇది బరువులెత్తితే వచ్చిన నొప్పి కాకపోవచ్చు. శాక్రోఇలియాక్ కీళ్లలో వాపుతో మొదలై వెన్నును వెదురు బొంగులా బిగించే ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ కావచ్చు. కీళ్లవాతం డాక్టరును కలవాలి. రక్తపరీక్షలు, ఎం.ఆర్.ఐ. అవసరమవుతాయి. దీనికి కోత చికిత్స కాదు. ప్రతిరోజూ వ్యాయామం, వాపు తగ్గించే మాత్రలు మొదటి మెట్టు. చాలకపోతే బయలాజికల్ ఇంజెక్షన్లు ఉన్నాయి. దాగిన క్షయ లేదని పరీక్షించాకే వాటిని మొదలుపెడతారు. పొగతాగడం మానాలి. త్వరగా మొదలుపెడితే వెన్ను వంగకుండా నిలుపుకోవచ్చు.

మరి ఆపరేషన్ ఎప్పుడు?

నిజం దాచకూడదు. తుంటి కీలు పూర్తిగా అరిగి, రాత్రి నిద్ర లేక, నాలుగడుగులు వేయలేక, మూడు నెలలైనా సరైన వ్యాయామం, మందులు వాడినా ఫలితం లేకపోతే, కీలు మార్పిడి మంచి చికిత్స. డెన్మార్క్‌లో తీవ్రమైన తుంటి అరుగుదల ఉన్న 109 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు కీలు మార్పిడి, ఇంకో జట్టుకు బరువులతో వ్యాయామం ఇచ్చారు. 2024లో ఫలితాలు వెలువడ్డాయి. ఆరు నెలలకు ఆపరేషన్ జట్టుకే నొప్పి, నడక ఎంతో ఎక్కువగా మెరుగయ్యాయి. వ్యాయామం చేసినవారికి మెరుగు కొద్దిగానే కనిపించింది. కాబట్టి కోత లేని చికిత్సకు ఒక హద్దు ఉంది. ఆ హద్దు దాటాక కూడా భయంతో సంవత్సరాలు మంచం మీద గడపడం ఒంటికి గాని ఇంటికి గాని మేలు కాదు. ముందు చేసిన వ్యాయామం వృథా కాదు, బలమైన కండరం ఉన్నవారు ఆపరేషన్ తరువాత త్వరగా నడుస్తారు.

శాక్రోఇలియాక్ కీలుకు, తుంటి పక్క స్నాయువులకు మాత్రం ఆపరేషన్ అవసరం బహు అరుదు.

ఇంట్లో ఎవరికైనా తుంటి నొప్పి ఉంటే ఈ పేజీ వారికి చదివి వినిపించండి. పెద్దవారికి వ్యాయామాలు ఒక్కరే చేయాలంటే విసుగు, మనవడో మనవరాలో పక్కన కూర్చుని లెక్కపెడితే ఇష్టంగా చేస్తారు. ఆసుపత్రికి వచ్చేటప్పుడు వాడుతున్న మందులన్నీ, పేరులేని పొట్లాలతో సహా, ఒక సంచిలో వేసుకుని తీసుకురండి. మేము కోప్పడము. ఏమి వాడారో తెలిస్తేనే సరైన చికిత్స ఇవ్వగలము.